రాసుకో సారూ

ఆత్మకూరు అవతల, కృష్ణ ఒడ్డున ఒక ఊరు. జూన్ మొదటి వారం, పొద్దున తొమ్మిది గంటల వేళ. సుక్కమ్మ ఊరికి దూరంగా ఉన్న తన దొడ్డిలో గొర్లకు మందు పోస్తోంది. పాలమూరు నుంచి కారులో వచ్చిన డాక్టర్ కృష్ణకాంత్, ఆయనకు దారి చూపిస్తూ వచ్చిన ఊరి ఆరెంపీ వైద్యుడు పరమేష్ దొడ్డి తడిక బయట నిలబడి ఉన్నారు.

"నిలబడు సారూ, ఇంక ఆరు గొర్లున్నయి. నట్టల మందు పరిగడుపున పొయ్యాలె. మేసినంక పోస్తే పనిచెయ్యది."

"పర్వాలేదమ్మా, నీ పని చేసుకో. నాకేం తొందర లేదు. రెండు నిమిషాల పని, అంతే."

"తొందర లేదంటవు, రెండు నిమిషాలంటవు. నా కడుపు కోసిన దినం గుడ గిట్లనే అన్నవు."

"సుక్కమ్మక్కా, సారు అంత దూరంకెల్లి వచ్చిండు. జర కూసోమను."

"నువ్వు మాట్లాడకు పరమేషా. నువ్వు మాట్లాడినందుకే నా బతుకు గిట్లయ్యింది. కూసునేదుంటే గా బండరాయి ఉన్నది, కూసోమను. పెంటికలుంటయి, చూసి కూసోమను."

"ఫర్లేదు పరమేష్, నిలబడతాను. మందు నువ్వే పోస్తావా అమ్మా? పశువుల డాక్టర్ రారా?"

"వస్తడు. మొన్న వచ్చిండు, సర్కారు బండ్ల. ఒక్కొక్క గొర్రె కనురెప్ప ఎత్తి చూసిండు. కడుపు మీద చెయ్యేసి చూసిండు. ఎన్నొద్దుల సంది పారుకుంటున్నది, ఏడ మేస్తున్నది, ఏ నీళ్లు తాగుతున్నదని అడిగిండు. గిది సూడిదా, ఎన్ని నెల్లదని అడిగిండు. అన్ని అడిగినంకనే మందిచ్చిండు. నేను గాయన మొకమే చూసుకుంట నిలబడ్డ."

"ఎందుకు?"

"నన్ను గన్ని మాటలు ఎవరన్న అడిగిండ్రా అని."

"సరే, సరే. అందుకే వచ్చానమ్మా. నీ మాట వినడానికే వచ్చాను. ఇది చూడు. రోగి అభిప్రాయ పత్రం అంటారు దీన్ని. గురువారం మా ఆస్పత్రికి కమిటీ వస్తోంది. మా దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్లు ఏమనుకుంటున్నారో వాళ్లకు చూపించాలి. నువ్వు కలెక్టరాఫీసులో ఏదో దరఖాస్తు ఇచ్చావట కదా..."

"ఏదో కాదు. నీ మీదనే ఇచ్చిన."

"అదే, అదే. కోపంలో ఇచ్చి ఉంటావు. ఈ పత్రం మీద వేలిముద్ర వేస్తే ఆ దరఖాస్తు దానంతటదే పోతుంది. నీకూ తిరుగుడు తప్పుతుంది."

"సదువు మరి."

"ఏముంది ఇందులో, మామూలు ప్రశ్నలే. పరమేష్, చదివి చెప్పు."

"వాడొద్దు. అప్పుడు గుడ ఒక కాయితం వాడే సదివి చెప్పిండు. నెత్తురు పరీక్షకు అన్నడు. ఏలిముద్ర ఏసిన. ఏసినంక గంటకు నన్ను బల్ల మీద పండవెట్టిండ్రు."

"అక్కా, నాకు గుడ గప్పుడు..."

"మాట్లాడకు అంటి గద. నువ్వే సదువు సారూ. నీ నోటితోనే సదువు."

"సరేనమ్మా. మొదటి ప్రశ్న. ఆస్పత్రికి చేరుకోవడం మీకు సులభంగా ఉందా? అవును అని ఇక్కడ టిక్ పెట్టి ఉంది."

"ఎవరు పెట్టిండ్రు?"

"ఆఫీసులో పెట్టారు. అందరికీ ఒకటే కదా."

"కొట్టెయ్. నేను చెప్త, రాసుకో."

"అంత వివరంగా అక్కర్లేదమ్మా. అవును, కాదు అంటే చాలు."

"నీకు నా ఏలిముద్ర కావాల్నా, వద్దా?"

"...సరే. చెప్పు. రాస్తాను."

"మా ఊరికి పొద్దుగాల ఒక బస్సు, పొద్దుమీకి ఒక బస్సు. పొద్దుగాల బస్సెక్కి సర్కారు దవాఖానకు పోతే, చీటీలిచ్చుడు బంద్ అయినంక దిగుతం. మూడుసార్లు పోయిన. ఒకసారి ఆడ డాక్టరు సెలవుల ఉన్నది. ఇంకోసారి ఆమెను ఇంకో ఊరికి ఏసిండ్రు. మూడోసారి కడుపుల ఫోటో తీసే మిషన్ ఉన్నది గని తీసేటోళ్లు లేరు. మిషన్ మీద గుడ్డ కప్పి పెట్టిండ్రు. పూల గుడ్డ. నాకింక కండ్ల ముంగల్నే ఉన్నది. రాస్తున్నవా?"

"రాస్తున్నా. కానీ ఇది మా ఆస్పత్రి గురించి కదా..."

"వస్తున్న. మూడుసార్లు ఊర్కె మర్లొచ్చి మా ఇంటి అరుగు మీద కూసున్న. కడుపు నొస్తున్నది. గప్పుడు పరమేషు వచ్చిండు. ఎందుకక్కా గంత తిరుగుతవు, నాకెరుకైన పెద్ద డాక్టరున్నడు, సర్కారు కార్డు మీద ఉట్టిగనే చూస్తడు అన్నడు. బండి మీద ఎక్కించుకున్నడు. నీ గేటు కాడ కుర్చీ ఏసిండ్రు. చల్లటి నీళ్లిచ్చిండ్రు. కార్డున్నదా అని అడిగిండ్రు. ఉన్నదన్న. అంతే. పది దినాల గోలీల కోసం మూడుసార్లు తిరిగినా దొరకలే. నీ కత్తి కాడికి పోను ఒక్క పూట గుడ పట్టలే. సులభంగనే ఉన్నది సారూ. శానా సులభంగ ఉన్నది. గది రాసుకో."

"పది రోజుల గోలీలా? ఎవరు చెప్పారు నీకు?"

"వస్తది, అది గుడ వస్తది. రెండోది సదువు."

"వైద్యుడు మీ సమస్యను ఓపికగా విని, చికిత్స గురించి వివరించారా?"

"దానికి గుడ అవునని పెట్టిండ్రా?"

"పెట్టారు."

"నా సమస్య ఏంది సారూ? చెప్పు."

"ఏంటమ్మా ఇది? పదకొండేళ్ల కిందటి కేసు. రోజుకు ఎంతమందిని చూస్తాను నేను."

"ఎంతమందిని చూస్తవు?"

"చాలామందిని."

"నేను మాత్రం నిన్నొక్కనినే చూసిన. నాకన్నీ యాదికున్నయి. తెల్లబట్ట అయితున్నది సారూ, పొత్తికడుపు నొస్తున్నదన్న. నా దిక్కు చూడనే చూడలే నువ్వు. కాయితం చూసుకుంట ఎందరు పిల్లలన్నవు. ఇద్దరన్న. ఇంకెందుకమ్మా నీకది, ఉంచుకుంటే క్యాన్సరొస్తది, సచ్చిపోతవు, పిల్లలు ఆగమైతరు అన్నవు. నాకు బుగులు పుట్టింది. ఇరువై ఏడేండ్లు నాకు. గప్పుడు ఒక్కటే ఒక్క మాట అడిగినవు. ఏమడిగినవో తెలుసా?"

"ఏమడిగాను?"

"పొద్దుగాల ఏమన్న తిన్నవా అని. పరమేషు తొందరవెడితే తినకనే ఎల్లిన సారూ అన్న. మంచిదే అయింది అన్నవు. నేనేందో, నా బాధ అర్థమయి అన్నవనుకున్న."

"క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంటేనే తీస్తాం అమ్మా. సరదాకి ఎవరూ తీయరు. లక్షణాలను బట్టి..."

"లోపల ఫోటో తీసినవా?"

"అప్పట్లో క్లినికల్‌గా చూసి..."

"తెలుగుల చెప్పు."

"తీయలేదు."

"రాసుకో. తీయలేదని రాసుకో."

"అక్కా, సారు వచ్చిన పని..."

"పరమేషా, గా సీసా ఇటియ్యి. గొర్రె చెవి పట్టుకో. ఊర్కె నిలబడి ఏం చేస్తవు. ఆఁ, గట్ల పట్టుకో. గట్టిగ. మూడోది సదువు సారూ."

"చికిత్స నాణ్యతపై మీ అభిప్రాయం. చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు."

"నాకేమేం తీసినవు?"

"గర్భసంచి."

"ఇంక?"

"గర్భసంచి అమ్మా. దరఖాస్తులో నువ్వే రాయించావు కదా."

"ఇంక ఏం తీసినవు?"

"అంటే... రెండు వైపులా అండాశయాలు కూడా. మళ్లీ అక్కడ ఏ సమస్యా రాకుండా ఉండాలని, ముందు జాగ్రత్తగా..."

"నాకు చెప్పినవా?"

"కాగితంలో ఉంటుంది."

"ఏ కాయితం? నాకొక్క కాయితం ఇచ్చినవా? ఫైలు అడిగితే కార్డోళ్లకు పంపించినం అన్నరు. ఏం తీసినవో నాకు ఎనిమిదేండ్లు తెల్వదు సారూ. ఎప్పుడు తెలిసిందో చెప్పనా? గా తొట్ల నీళ్లు పొయ్యనీకె బకీటు ఎత్తిన. సిన్న బకీటు, సగం గుడ లేవు నీళ్లు. మణికట్టు పుటుక్కుమన్నది. సర్కారు దవాఖానకు పోయిన. గప్పటికి కొత్తగ ఆడ డాక్టరొచ్చింది, నిరోష మేడం. సిన్న పిల్ల. గా పిల్ల నా చెయ్యి చూసి, కడుపు చూసి, కుట్లు చూసి, స్టూలు దగ్గరికి గుంజుకొని కూసున్నది. ఎప్పుడు తీసిండ్రమ్మా, ఎందుకు తీసిండ్రు, తీసినంక ఒంట్లకెల్లి ఆవిర్లు వస్తున్నయా, నిద్ర పడుతున్నదా, మనసు ఎట్ల ఉంటున్నదని అడిగింది. మనసు ఎట్ల ఉంటున్నదని అడిగింది సారూ. నేను ఏడ్సిన."

"మంచిదే. వాళ్లకు టైం ఉంటుంది."

"గా దినం ఆమె బయట డెబ్బై మంది నిలబడి ఉన్నరు. టైం ఆమెకెక్కడిది. మిషన్ల ఫోటో తీపిచ్చింది. నీ ఎముకలు అరువై ఐదేండ్ల ముసలామె ఎముకలమ్మా అన్నది. ముప్పై ఐదేండ్లు నాకు. గప్పుడు చెప్పింది, సంచితోటి అవి గుడ తీసిండ్రని. నీకొచ్చింది పది దినాలు గోలీలు మింగితే పోయే రోగమని."

"జూనియర్ డాక్టర్లు పుస్తకాలు చూసి ఏదో ఒకటి చెబుతారు. ఏళ్ల తర్వాత వచ్చి సీనియర్లను తప్పు పట్టడం..."

"నేను మందతోటి నడిచేదాన్ని సారూ. తెలుసా నీకు? పెండ్లయిన కాంచి మా ఐలేశం ఎంట నడిచిన. సంక్రాంతి ఎల్లంగనే కిష్ణ దాటి అవుతలికి పోతుంటిమి. చంకల పిల్ల, నెత్తి మీద గంప, ముంగల మూడొందల గొర్లు. దినానికి ఆరేడు కోసులు నడిచి, చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి వండుతుంటి. నా అంత నడిచే ఆడది మా వాడల లేకుండె. ఇప్పుడు ఐలేశం ఒక్కడే పోతడు. పోంగ ముసలి గొర్లు, కుంటి గొర్లు, మంద ఎంట నడవనియి తీసి నాకిచ్చి పోతడు. ఆయన తప్పేం లేదు. నడవనియి అన్ని ఒక్క కాడ ఉండాలె గద. గవే ఇవి. మేమంత గీ దొడ్లనే ఉంటం."

"బాధగానే ఉంది అమ్మా."

"నీకు బాధ కావద్దు. నాణ్యత కాడ ఏం రాసినవు?"

"బాగాలేదు అని రాస్తాను."

"అట్ల కాదు. నేను చెప్పిందంత రాయి. ముప్పై ఐదేండ్లదాన్ని అరువై ఐదు చేసిండని రాయి. నాలుగోది?"

"సిబ్బంది ప్రవర్తన ఎలా ఉంది?"

"మంచిదే. ఒక సిస్టరు మంచిది. కుట్లు ఇప్పుకుంట, ఇంత సిన్న వయసుల ఎందుకు తీసుకున్నవమ్మా అని చెవుల అడిగింది. నీ చెప్పుల సప్పుడినబడితే నోరు మూసుకున్నది. మర్నాటి కాంచి ఆమె కనబడలే. ఆమె మంచిదని రాసుకో. ఇంకేముంది?"

"చివరిది. మీ బంధుమిత్రులకు మా ఆస్పత్రి గురించి చెబుతారా?"

"చెప్తున్న."

"అంటే..."

"దినాం చెప్తున్న సారూ. మూడేండ్ల సంది అదే పని. గొర్ల అంగట్ల చెప్పిన. బియ్యం దుకాణం లైన్ల చెప్పిన. పెండ్లికి పోతే పెండ్లిల చెప్పిన, దినాలకు పోతే దినాల చెప్పిన. గా ఊరు ఈ ఊరని లేదు. బస్సుల పక్కన ఎవతె కూసున్న, కడుపునొస్తున్నదంటే నీ పేరు చెప్పి, ఆడికి మాత్రం పోకు అన్న. నీ ఫోటో గుడ నాకు దొరికింది, నీ దవాఖాన క్యాలెండర్ మీదిది. చింపి సంచిల పెట్టుకున్న, మొకం గుర్తు పట్టనీకె."

"అంటే పగబట్టావన్నమాట నా మీద."

"పట్టిన."

"అట్లా మాట్లాడకమ్మా. న్యాయం కావాలంటే ఒక పద్ధతుంది."

"న్యాయం గీయం నాకు తెల్వది సారూ. పగనే. పైసలు ఇస్తవు, వద్దు. తప్పయింది అంటవు, వద్దు. నీ బోర్డు దించాలె. నీ పేరు ముంగట డాక్టరన్న మాట తీసెయ్యాలె. పొద్దుగాల లేచి, తానం చేసి, ఇస్త్రీ అంగి తొడుక్కొని, ఇగ యాడికి పోవాల్నో తెల్వకుంట నువ్వు కుర్చీల కూసోవాలె. చేతులు రెండు ఒళ్లె పెట్టుకొని కూసోవాలె. ఎవరన్న వచ్చి పానం బాగలేదంటే, నేను చూడొద్దు అని నీ నోటితోని చెప్పాలె. నాల నుంచి తీసినవు గద. నీల నుంచి నేను గది తీస్త."

"అక్కా..."

"నీకు గుడ ఉన్నది పరమేషా. నిన్నేం మరిచిపోలే."

"చూడమ్మా సుక్కమ్మా. ఆవేశం వద్దు. నీ ఎముకలకు మందు నేనిప్పిస్తాను. ఏడాదికొక సూది ఉంటుంది, ఖరీదైనది, జీవితాంతం నేనే చూసుకుంటాను. నీ కూతురు సుమన నర్సింగ్ చదువుతోందట. మా దగ్గరే ఉద్యోగం..."

"నా బిడ్డ పేరు నీకెట్ల తెలుసు?"

"ఊరికే, మాటల్లో..."

"పరమేషా, నువ్వు చెప్పినవా?"

"నేను చెప్పలే అక్కా. సారు కాలేజీల కనుక్కున్నడు."

"నా బిడ్డ పేరు ఇంకోసారి తీస్తే, గీ మందు గొట్టం నీ నోట్ల పెడ్త సారూ. నిమ్మలంగ చెప్తున్న. ఇగ పో. నేను ఏలిముద్ర ఎయ్య."

"అమ్మా, నేను మర్యాదగా వచ్చాను. ఇప్పుడు నేను చెప్పేది నువ్వు విను. నువ్వొక్కదానివే. అర్థమవుతోందా? ఈ చుట్టుపక్కల ఊళ్లలో నా దగ్గర ఆపరేషన్ చేయించుకున్న మిగతా వాళ్లందరూ సంతోషంగా ఉన్నామని వేలిముద్రలు వేసిచ్చారు. నెల రోజులు తిరిగి పరమేషే వేయించాడు. గురువారం కమిటీ ముందు అటువైపు వాళ్లంతా, ఇటువైపు నువ్వు. ఎవరి మాట వింటారు?"

"ఎవరెవరు ఏసిండ్రు?"

"పరమేష్, చెప్పు."

"ఎవరెవరు పరమేషా? గుర్వమ్మ ఏసిందా?"

"గుర్వమ్మను గుడ కలిసినక్కా."

"ఉప్పలమ్మ?"

"ఆమెను గుడ."

"అరుణమ్మ?"

"ఆమెను గుడ కలిసిన."

"గుర్వమ్మ ఏసిందా. నా చెయ్యి పట్టుకొని ఏడ్చిన మనిషి. నీ ఎంట నేనొస్త సుక్కా అన్న మనిషి. సరే తియ్. వాళ్లనేమనాలె. వాళ్లకు గుడ ఇండ్లున్నయి, భయాలున్నయి. ఒక్కదాన్నే అయితే ఒక్కదాన్నే సారూ. బేస్తారం నాడు వస్త. గా కమిటీల ఎందరు మొగోళ్లున్నా సరే, కుచ్చిళ్లు దించి కుట్లు చూపిస్త. వాళ్లు తల దించుకునేదాక నిలబడ్త."

"నీ ఇష్టం. పరమేష్, ఆ కవరు తీయి. వాటిని చూస్తేనన్నా ఈమెకు అర్థమవుతుంది."

"కవరు లేదు సార్."

"కార్లో పెట్టావా?"

"లేదు సార్."

"ఇంట్లో మర్చిపోయావా? ఎన్నిసార్లు చెప్పాను పొద్దున. సరే, పోతూ తీసుకుందాం."

"ఇంట్ల గుడ లేదు సార్. ఇచ్చేసిన."

"ఎవరికి ఇచ్చావు?"

"కలెక్టరాఫీసుల. సోమవారం నాడు. ముద్ర కొట్టి రశీదిచ్చిండ్రు."

"నిన్నెవరివ్వమన్నారు? గురువారం నేను ఇవ్వాలి కదా వాటిని. ఒక్క పని చెప్తే... సరే, పోనీ. సంతృప్తిగా ఉన్నామనే కదా ఉంది వాటిల్లో. ఎవరిచ్చినా ఒకటే."

"గట్ల లేదు సార్ అండ్ల."

"ఎట్లా లేదు?"

"నువ్విచ్చిన ఫారాలు కట్ట కట్టినట్టే ఉన్నయి. ఒక్కల్ని గుడ నేను ఏలిముద్ర అడగలే. తెల్ల కాయితాలు కొనుక్కొని పోయిన. ఇంటింటికి పోయి కూసున్న. గప్పుడు నీ వయసెంత, ఏ నొప్పికి పోయినవు, లోపల ఫోటో తీసిండ్రా లేదా, ఏమేం తీసేసిండ్రు, ఇప్పుడెట్ల ఉన్నవు, అన్ని అడిగి, వాళ్లేం చెప్తే గది రాసిన. రాసింది మల్ల వాళ్లకే సదివి ఇనిపించిన. ఇన్నంకనే ఏసిండ్రు. ముప్పై మంది."

"పరమేషా, ఏమంటున్నవు నువ్వు?"

"గుర్వమ్మ ఏసిందక్కా. నీ ఎంట వస్తనని గుడ రాయమన్నది."

"ఎవరిచ్చారురా నీకు డబ్బు? ఏ ఆస్పత్రి వాళ్లు? చెప్పు, ఎంతిచ్చారు?"

"నువ్వే ఇచ్చినవు సార్. తోలుకొచ్చిన ఒక్కొక్క మనిషికి ఇంత అని. అది గుడ రాసిన."

"మరి నన్నిక్కడి దాకా ఎందుకు తీసుకొచ్చావు?"

"నీ ఒక్కని ముంగల చెప్పనీకె ధైర్యం చాలలే. రెండుసార్లు నీ రూం కాడి దాకొచ్చి మర్లిపోయిన. ఆమె ముంగలైతే చెప్పగల్గుత అనుకున్న."

"నీకు నేనేం తక్కువ చేశాను పరమేష్? సూది వేయడం సరిగ్గా రానివాడివి. నిన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాను. నీ ఊళ్లో నిన్ను డాక్టర్ అంటున్నారంటే అది నా వల్ల. నీకేం అన్యాయం చేశాను నేను?"

"నేను నీ దగ్గరికి తోలుకొచ్చిన మొట్టమొదటి ఆడమనిషి ఎవరో యాదికున్నదా సార్?"

"ఎవరికి గుర్తుంటుంది అవన్నీ."

"భాగ్యలక్ష్మి. ఇరువై ఐదేండ్లు."

"ఎవరా భాగ్యలక్ష్మి?"

"నా పెండ్లాం సార్."

"భాగ్యలక్ష్మినా? పరమేషా, భాగ్యలక్ష్మికి గుడ తీసిండా గీయన? మరి బండి మీదికెల్లి పడ్డది, తుంటి ఇరిగిందని ఊరందరికి చెప్పితివి."

"చెప్పినక్కా. ఏ బండి లేదు. అరుగు మీద కూసొని బియ్యం ఏరుతున్నది. లేచింది. లేవంగనే ఇరిగింది. ముప్పై మూడేండ్లు ఆమెకు. గప్పటి సంది మంచంలనే ఉన్నది. నాలుగేండ్లు. దినాం పొద్దుగాల ఆమెను పక్కకు తిప్పి, వీపు తుడిచి, పౌడర్ ఏసి, గప్పుడే బయటికొస్త."

"ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె. నాకే తెల్వదు శానా దినాలు. కర్మ అనుకున్న. ఆత్మకూర్ గొర్ల అంగట్ల నువ్వు నిలబడి ఒర్రుతుంటివి ఒకసారి. అండాలు తీసేస్తే ఎముకలు గుల్లయితయని, నిరోష మేడం చెప్పిందని. నేను చాయ తాగుతున్న గాడ. నీకు కనబడకుంట పోయిన."

"నువ్వు డాక్టర్నన్నవు. మా ఆడోళ్లను తోలుకపోయి..."

"నేను నమ్మిన అక్కా. సారు మీద అంత నమ్మకం ఉండె. అందుకే మొదలు నా ఇంటిదాన్నే తోలుకపోయిన. ఆమె మంచిగనే లేచింది, మంచిగనే తిరిగింది. ఆమెకేం కాలేదని చూసినంకనే మిమ్మల్ని తోలుకపోయిన. ఎనిమిదేండ్లు నడిచిందామె. గా ఎనిమిదేండ్లల్లనే మీరంత."

"బాగుంది. చాలా బాగుంది నీ కథ. ఒక్కటి మర్చిపోతున్నావు పరమేష్. డిగ్రీ లేనిది నీకు. ఊళ్లు తిరిగి వీళ్లను పోగు చేసింది నువ్వు. ఏదో ఒకటి చెప్పి వేలిముద్రలు వేయించింది నువ్వు. నాకు లాయర్లున్నారు. లోపలికి ముందు పోయేది నువ్వే."

"అవును సార్."

"ఆ మంచంలో ఉన్న మనిషిని ఎవరు చూస్తారో ఆలోచించుకున్నావా?"

"ఆమె చెల్లె వస్తనన్నది సార్."

"అంటే అన్నీ అనుకునే వచ్చావు."

"అవును సార్."

"సారూ, నువ్వు రాసుకున్న కాయితం ఎందుకు చింపుతున్నవు? చింపు, చింపు. ముక్కలు మాత్రం దొడ్ల ఎయ్యకు. గొర్లు తింటయి, వాటికి అరగదు."

కారు మట్టిరోడ్డు ఎక్కి వెళ్లిపోయింది. పరమేష్ చేతిలో గొర్రె చెవి ఇంకా అలాగే ఉంది.

"ఇడువు దాన్ని. మందు పోసి శానసేపాయె."

"ఆఁ."

"ఎట్ల పోతవు ఇంటికి? సారు నిన్ను ఎక్కించుకోకనే పాయె."

"నడిచిపోత."

"భాగ్యలక్ష్మికి పుండ్లయినయా వీపు మీద?"

"ఒక్కటి అయింది. మానుతున్నది."

"నిరోష మేడానికి చూపెట్టు. ఇంటికి వస్తదామె, నేను చెప్త."

"సరే అక్కా."

"పరమేషా."

"ఆఁ."

"నా దరఖాస్తుల నీ పేరు గుడ ఉన్నది. సారు కింద, రెండో పేరు."

"ఎరుకే."

"నువ్వు మంచి పని చేసినవు. ముప్పై ఇండ్లు తిరిగినవు, మొగోడివి. అయినా నీ పేరు నేను తియ్య. తియ్యబుద్ధి అయితలేదు. నా చెయ్యి పట్టుకొని గా కాయితం మీద ఒత్తింది నువ్వే."

"తియ్యకు అక్కా. నేనిచ్చిన దాంట్ల మొదటి పేరే నాది."